వంత

సూరిబాబు తన జన్మలో పదిమంది ముందు తడబడకుండా చెప్పిన మొదటి పెద్ద మాట అబద్ధం.

ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికే తెలుసు. చెప్పిన సూరిబాబుకి. గోడవార చేతులు కట్టుకుని నిలబడ్డ ఐసు ఫ్యాక్టరీ మేనేజరు వీరభద్రానికి. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద కూర్చున్న సూరిబాబు చెల్లెలు నూకరత్నానికి.

"అమోనియా లీకైనప్పుడు అలారం మోగలేదు. దాని తీగ ఎవరో ముందే పీకేశారు. ఎవరు పీకారో చూశావా?" విచారణకి వచ్చిన అధికారి అడిగాడు.

"ఆయ్, నేను చూళ్లేదండి. మన పనేదో మనది. అయ్యన్నీ మనకెందుకండి?" అన్నాడు సూరిబాబు.

"చనిపోయిన గవర్రాజు ఆ రోజు తాగి వచ్చి, తిప్పకూడని వాల్వు తిప్పాడని యాజమాన్యం అంటోంది. నువ్వేమంటావు?"

"అయ్యుండొచ్చండి."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. గవర్రాజు భార్య దుర్గ లేచి నిలబడింది. "అన్నయ్యా!" అంది. ఆ ఒక్క పిలుపుకే గదిలో సగంమంది తలలు దించుకున్నారు.

దుర్గ సూరిబాబుకి రక్తసంబంధం కాదు. 'గ' అనే అక్షరం సూరిబాబు గొంతులోంచి ఊడిరాదు. అందుకని పనిలో చేరిన కొత్తలోనే గవర్రాజుని పేరు పెట్టి పిలవడం మానేసి 'బావా' అనడం మొదలుపెట్టాడు. ఆ వరసన దుర్గ చెల్లెలైంది. పోనుపోను ఆ పిలుపు కాస్తా నిజం చుట్టరికమే అయిపోయింది.

రత్నం అన్న మొహం చూడలేక కిందికి చూసింది. బల్ల కింద అతని కుడి పిడికిలి తొడ మీద టపటపా కొట్టుకుంటోంది.

మాట ఇరుక్కున్నప్పుడల్లా చిన్నప్పట్నించీ సూరిబాబు చేసే పని అది. తలుపు తడితే లోపలున్న మాట బయటికొస్తుందన్నట్టు తొడ మీద కొట్టుకుంటాడు. కానీ ఇవాళ ఏ మాటా ఇరుక్కోలేదు. నోరు గడగడా సాగిపోతోంది. మరి ఆ పిడికిలి ఎవరి కోసం తలుపు తడుతోంది?



* * *

సూరిబాబు నోరు అంత సాఫీగా సాగడానికి కారణం అతని కుడి చెవి వెనక అతికి ఉన్న చింతగింజంత బిళ్ల. దాని పేరు వంత. ఆ పేరు పెట్టింది రత్నమే.

రత్నం వాళ్లింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. కాకినాడలో డాక్టర్ విశాలాక్షి నడిపే వాక్కు పరిశోధనశాలలో చేరిందంటే అన్న కోసమే చేరింది. సూరిబాబు మాటల కోసం వాళ్లమ్మ వరాలమ్మ చెయ్యని వైద్యం లేదు. వస అరగదీసి నాలిక్కి రాసింది. ఎవరో చెబితే నోట్లో గులకరాళ్లు పెట్టి మాట్లాడించింది. బడిలో పాఠం పైకి చదవమన్నప్పుడల్లా పిల్లలు నవ్వుతుంటే, ఏడో తరగతిలో సంచీ తెచ్చి మూల పడేశాడు. మళ్లీ ముట్టుకోలేదు.

ప్రయోగశాలకి వచ్చాక రత్నానికి తెలిసిందేమిటంటే, లోపం నాలికలో లేదు, ధైర్యంలోనూ లేదు. మాట మెదడులో సిద్ధంగానే ఉంటుంది, బయల్దేరే బోటులాగా. 'ఇక కదులు' అని లోపల్నించి రావాల్సిన కేకే వేళకి రాదు. బయట్నించి ఆ కేక అందితే బోటు కదుల్తుంది. అందుకే వినాయకచవితి పందిట్లో పదిమందితో కలిసి పాడేటప్పుడు సూరిబాబుకి ఒక్క అక్షరం తొణకదు. పక్కవాళ్ల గొంతే అతనికి కేక.

"అంటే బుర్రకథలో వంతలాగా ఒక గొంతు ఎప్పుడూ పక్కనే ఉండాలి మేడం," అంది రత్నం ఒకరోజు. ఆ మాట పట్టుకునే డాక్టరమ్మ బిళ్ల తయారుచేసింది. నోరు మాటకి సిద్ధమై ఆగిపోగానే బిళ్ల పసిగడుతుంది. రావాల్సిన మాటని పుర్రె ఎముక మీద, చెవికి కూడా వినపడనంత మెల్లగా, అర క్షణం ముందు పలుకుతుంది. నోరు దాంతో గొంతు కలుపుతుంది.

బిళ్ల పెట్టిన రోజు క్యాంటీన్‌లో సూరిబాబు, "ఒక టీ అండి, పంచదార ఎక్కువేసి," అన్నాడు, తాళం తప్పకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. రత్నం చున్నీతో కళ్లు తుడుచుకుంది. సూరిబాబు టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

* * *

విచారణ అయిన సాయంత్రం ఇంటికి రొయ్యలొచ్చాయి.

"వీరభద్రంగారు పంపించారే. ఎంతెంతున్నాయో సూడు. మన సేతివేళ్లంతేసి," అంది వరాలమ్మ, పొయ్యి మీద బాణలిలో గరిటె తిప్పుతూ.

"ఎందుకు పంపించాడమ్మా?"

"ఎందుకేంటే? మనుషులన్నాక ఒకళ్లకొకళ్లు పెట్టుకోరా?"

"ఇన్నేళ్లలో రొయ్యపొట్టు కూడా పంపని మనిషి ఇవాళే ఎందుకు పంపాడూ అని."

"పోలీసోళ్లలాగా అన్నిటికీ ఎందుకూ ఏమిటీ అంటావేంటే? సదూకున్నదానివి, నాలుగు ముద్దలు తిని ఊరుకో."

రత్నం కంచం ముట్టుకోలేదు. అన్న ఎదురుగా చాప మీద కూర్చుంది.

"అన్నయ్యా, ఆసుపత్రి వరండాలో నాకేం చెప్పావు?"

ఆ పొద్దున ఇద్దరికీ గుర్తే. అమోనియా ఘాటు పట్టేసిందని సూరిబాబు ఒంటిమీది బట్టలతో పాటు చెవి వెనక బిళ్ల కూడా నర్సు తీసి పక్కన పెట్టింది. పక్క గదిలో గవర్రాజు మీద దుప్పటి కప్పేశారు. ఎర్రబడ్డ కళ్లతో సూరిబాబు చెల్లెలి చెయ్యి పట్టుకుని, తొడ మీద కొట్టుకుంటూ, ఒక్కో అక్షరాన్నీ బండలాగా దొర్లించాడు. బోట్లకి ఐసు ఎత్తేటప్పుడు గంట మోగితే పని ఆపాలి. మాటిమాటికీ ఆగుతోందని మేనేజరే తన చేత్తో తీగ పీకాడు. వద్దని గవర్రాజు అరిచాడు. లీకైందని తెలిశాక వాల్వు కట్టెయ్యడానికి లోపలికి ఉరికినవాడూ గవర్రాజే. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి ఆ రోజు అతనికి పట్టిన సేపట్లో, రత్నం తెచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది.

"చెప్పు అన్నయ్యా. ఇవాళ అలా ఎందుకన్నావు?"

సూరిబాబు పెదాలు బిగుసుకున్నాయి. మరుక్షణం విడిపోయాయి. "ఆయ్, పోన్లే రత్నం. మనకెందుకు?"

ఆ 'ఆయ్' దగ్గర రత్నం ఆగిపోయింది. గోదావరి జిల్లాలో ఆయ్ అనని మనిషుండడు. అది అనుమానించాల్సిన మాట కాదు. కానీ సూరిబాబు అనేవాడు కాదు. 'ఊఁ' అనేవాడు, లేకపోతే తలూపేవాడు. నెల్లాళ్లుగా అంటున్నాడు. ఊరంతా అనే మాట కాబట్టి ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

"నిన్ను కొనేశారా అన్నయ్యా?" అంది.

సూరిబాబు కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. పిడికిలి చాప మీద రెండుసార్లు మోగింది. "తినండి, తినండి. చల్లారిపోతాయి," అంది అతని నోరు. అతను మాత్రం తినకుండా లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.



* * *

మర్నాడు ప్రయోగశాల మెట్లెక్కుతుంటే గోడమీది పాలరాతి పలక కనపడింది. రోజూ చూసేదే. విరాళమిచ్చిన పెద్దల పేర్లు. ఆ రోజు నిలబడి చదివింది. ఐసు ఫ్యాక్టరీ యజమాని పేరు అందులో ఉంది.

డాక్టర్ విశాలాక్షి గది తలుపు తోసుకుని వెళ్లి జరిగిందంతా చెప్పింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నీకు ఎవరి మీద అనుమానం రత్నం?"

"అందరి మీదా మేడం."

"నా మీద కూడానా?"

"ఆయ్," అంది.

డాక్టరమ్మ నవ్వబోయి మానేసింది. "మంచిది. మీ అన్నయ్యని ఇవాళ పిలిపించి, బిళ్లలో ఉన్నదంతా దింపి చూడు. నువ్వొక్కదానివే చూడు. నేను బయట కూర్చుంటాను. రేపెప్పుడైనా ఇందులో నా చెయ్యి పడిందని నీకనిపించకూడదు."

వారానికోసారి బిళ్లలో నమోదైంది దింపుకోవడం మామూలే. సూరిబాబు వచ్చి బిళ్ల తీసి ఇచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. రత్నం తలుపు గడియ పెట్టుకుంది.

తెర మీద రెండు గీతలు. పైది, నోరు దేనికి సిద్ధమైందో చెప్పేది. కిందిది, చివరికి నోట్లోంచి వచ్చింది. మనసులో ఏముందో ఏ యంత్రమూ చదవలేదు. కానీ పెదాలు మూసుకున్నాయా, నాలిక ఎక్కడ ఆనింది, ఆ మాత్రం తెలుస్తుంది.

'ఎవరు పీకారో చూశావా?' అన్న చోట ఆపింది. పై గీతలో పెదాలు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఆయ్ అనడానికి పెదాలు మూయక్కర్లేదు. మూయాల్సింది 'మ'కి. మేనేజరు అనడానికి. మూసుకున్న ఆ పెదాలని ఎవరో విడదీసినట్టు, కింది గీతలో 'ఆయ్, నేను చూళ్లేదండి' అని ఉంది.

రెండో ప్రశ్న దగ్గరికి జరిపింది. ఈసారి నాలిక మొదలు గొంతుకి అతుక్కుపోయింది. అలా అతుక్కునేది 'గ'కి. రత్నం కుర్చీలో వెనక్కి వాలింది. బతికున్నన్నాళ్లూ పేరు పెట్టి పిలవలేకపోయిన మనిషిని, చచ్చిపోయాక, అంతమందిలో, అన్న పేరు పెట్టి పిలవబోయాడు. కింది గీతలో 'అయ్యుండొచ్చండి' అని ఉంది.

అన్న అబద్ధమాడలేదు. అన్న నోరు ఆడింది.

ఎవరు నేర్పారు? ఈ మాటల్ని బిళ్లలో ఎవరు పెట్టారు? వీరభద్రం మనుషులా? బయట కూర్చున్న డాక్టరమ్మా? రత్నం ఆ మాట బిళ్లకి ఎక్కడ దొరికిందో వెతికింది. పాత రికార్డింగు ఒకటి తగిలింది. బిళ్లకి శిక్షణ ఇచ్చిన రోజులది. నొక్కింది.

డాక్టరమ్మ గొంతు: "సూరిబాబుగారూ, మీ వీధిలో ఎవరైనా కొట్టుకుంటుంటే ఎప్పుడైనా చూశారా?"

"చూ... చూ..." తర్వాత ఏమీ లేదు. తొడ మీద పిడికిలి చప్పుడు.

ఆ చప్పుడు మధ్యలోంచి ఆడగొంతు: "ఆయ్, సూళ్లేదండి. మన పనేదో మనది. అయ్యన్నీ మనకెందుకండి?"

వరాలమ్మ.

దాని వెనకే ఇంకో గొంతు, చురుగ్గా, చదువుకున్న పిల్ల గొంతు: "అంతేనా అన్నయ్యా?" కాస్త నిశ్శబ్దం. "సరి."

ఆ గొంతు రత్నానిదే.

అప్పుడు అంతా గుర్తుకొచ్చింది. సూరిబాబు ఆగిపోయిన ప్రతిచోటా రికార్డింగులో ఒక ఖాళీ మిగిలేది. ఆ ఖాళీలో ఏ మాట రావాలో బిళ్లకి చెబితేనే అది నేర్చుకుంటుంది. ఎవరి ఖాళీ వాళ్లే తర్వాత తీరిగ్గా రాసివ్వాలని నియమం. సూరిబాబు కలం పట్టడు. పక్కన వరాలమ్మ ఉంది. కొడుకు మనసు తల్లికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఊళ్లో ఎవరేం అడిగినా ఇన్నేళ్లూ అతనికి మాట అందించింది ఆవిడే. డాక్టరమ్మ సరేనంది. రత్నం సరేనంది. తల్లి చెప్పాక అతను తలూపితేనే ఎక్కించాలని జాగ్రత్త కూడా పెట్టుకున్నారు. అతను ప్రతిసారీ తలూపాడు. వరాలమ్మ యాస సరిచేసి, పలుకు దిద్ది, బిళ్లకెక్కించింది రత్నమే.

ఆ తలూపడం సంగతి బయటివాళ్లకి తెలియకపోవచ్చు. రత్నానికి తెలియాలి. సూరిబాబు తల అడ్డంగా ఊపితే ఎదుటివాళ్లు 'మరేంటి?' అని అడుగుతారు. దానికి మళ్లీ నోరు తెరవాలి. నిలువుగా ఊపితే అక్కడితో అయిపోతుంది. అతని తలూపుకి అర్థం అవునని కాదు. ఇంక వదిలెయ్యండని.

ఇంకో రికార్డింగు నొక్కింది. "టీ ఎలా ఉంటే ఇష్టం?" "ప... ప..." "పంచదార ఎక్కువేసండి." "అంతేనా అన్నయ్యా? సరి."

రత్నం తలుపు తీసి డాక్టరమ్మని లోపలికి పిలిచింది. వినిపించింది.

ఎవరూ ఎవర్నీ కొనలేదు. వీరభద్రానికి అబద్ధం ఉత్తినే దొరికింది. ఆ సంతోషం పట్టలేక రొయ్యలు పంపాడు, అంతే. పాలరాతి పలక ఉత్త పలకే. అనుమానించడానికి ఇంక బయటివాళ్లెవరూ మిగల్లేదు.

డాక్టరమ్మ అడిగింది. "బిళ్ల పెట్టుకున్న మిగతావాళ్ల ఖాళీలు ఎవరు పూరించారు?"

"ఇంటివాళ్లే మేడం. చాలామందికి."

బల్ల మీద తాపేశ్వరం కాజాల పెట్టె ఉంది. సామర్లకోట నుంచి లలిత అనే అమ్మాయి తండ్రి తెచ్చిచ్చినది. పెళ్లిచూపుల్లో లలిత ఒక్క అక్షరం తడబడకుండా "నాకిష్టమే" అందిట. ఆ తండ్రి ఆనందం చెప్పనలవి కాలేదు. లలిత పక్కన కూర్చుని ఖాళీలన్నీ నింపింది ఆయనే.

డాక్టరమ్మ ఆ పెట్టె వైపు చూసింది. మూత కూడా సరిగ్గా పెట్టి లేదు. అందరూ తలా ఒకటీ తిన్నారు.

"ఆ అమ్మాయి పెళ్లెప్పుడు?"

"ఈ నెలాఖరుకే అనుకుంటా మేడం."

డాక్టరమ్మ ఫోను తీసుకుని గబగబా తలుపు వైపు నడిచింది. గడప దగ్గర వెనక్కి తిరిగింది. "మీ అన్నయ్యకి ఒక సంగతి చెప్పాలి నువ్వు. మెదడు వంతకి అలవాటు పడిపోయింది. ఇప్పుడు బిళ్ల తీసేస్తే మునుపటి కన్నా గట్టిగా బిగుసుకుంటుంది. ఎన్నాళ్లకి సర్దుకుంటుందో, అసలు సర్దుకుంటుందో లేదో, నేను చెప్పలేను. ఖాళీలు సరిచేసి మళ్లీ నేర్పిద్దామంటే నెలలు పడుతుంది. విచారణ అంతవరకూ ఆగదు."

* * *

వరండాలో రత్నం చెప్పిందంతా సూరిబాబు నేల చూస్తూ విన్నాడు. బిళ్ల ఆమె గుప్పిట్లోనే ఉంది.

"తె..." అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. నిజంగానే మునుపటి కన్నా ఎక్కువైంది. రత్నం నాలిక చివర దాకా వచ్చిన మాటని పళ్లతో పట్టుకుంది. "తె... తెలుసు."

"తెలుసా? తెలిసీ ఎలా ఊరుకున్నావు? చెయ్యి ఉంది కదా. అక్కడే పీకి పారెయ్యొచ్చు కదా!"

దానికి జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది ముక్కలుముక్కలుగా. బిళ్ల పెట్టాక జనం విన్నారు. మొదటిసారి. ఎవరూ గడియారం చూసుకోలేదు. ఎవరూ జాలిపడలేదు. టీలో పంచదారే కదా అనుకున్నాడు, సర్దుకున్నాడు. చిన్న చిన్న మాటలు పోతే పోయాయనుకున్నాడు. ఆ రోజు బావ పోయాడు. విచారణలో పీకుదామనే అనుకున్నాడు. అంతమందిలో మళ్లీ నత్తివాడు కావడానికి చెయ్యి లేవలేదు.

"భ... భయం," అన్నాడు ఆఖర్న.

రత్నానికి కోపం రాలేదు. పూర్తిగా నమ్మకమూ కుదరలేదు. ఎంత బిళ్ల చేసిందో, ఎంత అతను చెయ్యనిచ్చాడో, అది ఏ గీతలోనూ కనపడదు. "పద," అంది.

సినిమా హాలు వీధి చివర వరాలమ్మ టిఫిను బండి. పునుగులు నూనెలో తేలుతున్నాయి. నలుగురైదుగురు కాగితం పొట్లాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కొడుకుని చూడగానే వరాలమ్మ టీ గ్లాసు తీసి, అలవాటుగా ఇంకో చెంచా పంచదార వేసి కలిపింది.

"చెవి ఎనకాల బిళ్లేదిరా?"

"వ..." అన్నాడు సూరిబాబు.

"వేడిగా ఉందా? చల్లార్చనా?"

అతని తల కిందికి వంగబోయింది. సగంలో ఆగింది. వరాలమ్మ మళ్లీ నోరు తెరిచేలోగా రత్నం ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"అందించకమ్మా."

"ఏంటే?"

"ఊరుకో. అన్నయ్యని చెప్పనీ."

పునుగులు మాడు వాసన వేస్తున్నాయి. నిలబడ్డవాళ్లలో ఒకడు "ఏంటమ్మా, ఏమైందీ?" అన్నాడు. వరాలమ్మ వినలేదు. కొడుకు నోటికేసే చూస్తోంది. ఆ వైపు అంతసేపు ఎప్పుడూ చూసెరగదు.

"వ... వ... వద్దు. పం... పంచదార."

"పంచదార వద్దా?" వరాలమ్మ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నించిరా?"

"చి... చిన్నప్పట్నించీ."

ఆవిడ బండి పక్క స్టూలు మీద కూలబడింది. రత్నం పొయ్యి తగ్గించి, విచారణ సంగతీ, రికార్డింగు సంగతీ మెల్లగా చెప్పింది. ఎవరో దెబ్బలాటకొచ్చినట్టు వరాలమ్మ గొంతు లేచింది.

"నేనేం ఆణ్ణి అబద్ధం సెప్పమన్నానా? ఆడు తడుముకుంటుంటే జనం ఆడి మొహం సూస్తారే. ఆ సూపు నువ్వు సూశావా? పచారీ కొట్లో, సెలూన్లో, బస్సులో... ఆ సూపు ఆడి మీద పడకముందే మాట అందించేసేదాన్ని. ఏ గొడవా లేని మాట. ఎవరికీ కోపం రాని మాట. అదే కదా నేను సేసింది?"

"ఆ గొడవలేని మాటే అమ్మా, దుర్గ మొగుణ్ణి తాగుబోతుని చేసింది."

వరాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గ్లాసులో టీ పారబోసి, కొత్తగా పోసి, పంచదార వెయ్యకుండా కొడుకు చేతికిచ్చింది. సూరిబాబు చివరి చుక్క దాకా తాగాడు.

* * *

రెండో విచారణకి అధికారి చిరాగ్గానే వచ్చాడు. రత్నం పెట్టిన అర్జీ బల్ల మీద ఉంది. డాక్టర్ విశాలాక్షి నిలబడి బిళ్ల గురించీ, తమ వల్ల జరిగిన పొరపాటు గురించీ దాచకుండా చెప్పింది. అధికారి సగం నమ్మాడు, సగం నమ్మలేదు.

"చూడండమ్మా. బిళ్లతో చెప్పింది అమ్మ మాట అంటున్నారు. ఇప్పుడు చెప్పబోయేది చెల్లెలి మాట కాదని నాకేంటి నమ్మకం?"

"అదేనండి నేననేది!" వీరభద్రం అందుకున్నాడు. "ఆ రోజు గడగడా చెప్పినోడు ఇవాళ నీళ్లు నములుతుంటే ఏమనుకోవాలండి? ఎవరో పాఠం నేర్పారు, అది సరిగ్గా అప్పజెప్పలేక చస్తన్నాడు."

"మా వాళ్లెవరం నోరు మెదపం సార్," అంది రత్నం లేచి. "నేను గానీ మా అమ్మ గానీ ఒక్క ముక్క అందించినా, ఇది చెల్లదని రాసెయ్యండి."

సూరిబాబు ముందు కుర్చీలో కూర్చున్నాడు. చెవి వెనక బిళ్ల ఉన్నచోట తెల్లటి మచ్చ కనపడుతోంది. దుర్గ అతనికి ఎదురుగా కూర్చుంది. పలకరించలేదు.

"సరే. అలారం తీగ ఎవరు పీకారు?"

పెదాలు మూసుకున్నాయి.

మూసుకున్నవి మూసుకున్నట్టే ఉన్నాయి. మొహం కందిపోయింది. ఒక కన్ను గట్టిగా ముడుచుకుపోయింది. పిడికిలి తొడ మీద మొదలైంది. కింద ఫ్యాక్టరీలో కంప్రెసరు రొద తప్ప గదిలో ఏ చప్పుడూ లేదు. ఎవరో దగ్గి, దగ్గినందుకు సిగ్గుపడ్డారు. వీరభద్రం పెదవి చివర చిన్న నవ్వు కదిలింది.

వరాలమ్మ కొంగు చివర నోట్లో కుక్కుకుంది. రత్నానికి ఆ మాట తెలుసు. నాలిక మీద నిప్పుకణికలా ఉంది. ఉమ్మేస్తే అయిపోతుంది. ఉమ్మేస్తే మళ్లీ తన మాటే అవుతుంది. రెండు చేతులూ కుర్చీ కింద పట్టుకుని కూర్చుంది.

"మ్... మ్... మె..."

అధికారి గడియారం చూసుకున్నాడు. చెడ్డవాడు కాదు. అందరిలాంటివాడే. ఎదుటి మనిషి అవస్థ చూడలేక, చేతికందిన మాట ఒకటి జాలిగా ముందుకి తోశాడు.

"మెకానిక్కా?"

సూరిబాబు గడ్డం పైకి లేచింది. తలూపే ముందు ఆ గడ్డం ఎలా లేస్తుందో రత్నానికి తెలుసు. దిగితే అంతా అయిపోతుంది. అందరూ ఇళ్లకి పోతారు. ఎవరూ ఇంకేమీ అడగరు.

గడ్డం దిగలేదు. తల ఎడమకి తిరిగింది. మెల్లగా కుడికి తిరిగింది. మళ్లీ ఎడమకి. కాదని.

వరాలమ్మ నోట్లోంచి కొంగు జారిపోయింది. కొడుకు తల అడ్డంగా ఊగడం ఆవిడ చూస్తూ ఉండిపోయింది.

"మరి?" అన్నాడు అధికారి.

ఆ ప్రశ్నకి భయపడే సూరిబాబు ఇన్నేళ్లూ నిలువుగా తలూపుతూ వచ్చాడు. ఇప్పుడది ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నేర్పిన పాఠం మర్చిపోయాడండి..." వీరభద్రం మొదలెట్టాడు.

"మీరుండండి," అంది దుర్గ, అతని వైపు తిరక్కుండానే. "మా అన్నయ్య సెప్తాడు."

అధికారి ఆమె వంక చూశాడు. సూరిబాబు వంక చూశాడు. గడియారం ఉన్న చెయ్యి బల్ల కిందికి తీసేసుకున్నాడు. కలానికి మూత పెట్టి వెనక్కి వాలాడు.

"కానీ. నెమ్మదిగానే చెప్పు. తొందరేం లేదు."

పిడికిలి ఆగింది. వేళ్లు ఒక్కొక్కటే విడిపోయి, అరచెయ్యి తొడ మీద ఆనుకుంది.

సూరిబాబు తల తిప్పి, గోడవార నిలబడ్డ మనిషి కళ్లలోకి సూటిగా చూశాడు. మళ్లీ పెదాలు మూశాడు, 'మ' కోసం.

గదిలో ఎవరూ మాట అందించలేదు.